పెద్దమ్మ కనుసైగను నేను చూశాను

చదువుతున్న మిమ్మల్నే అడుగుతున్నాను. ఎవరైనా మీ ముఖంలోకి చూసి, నోరు మెదపకుండా కళ్ళతో ఒక మాట చెప్పినప్పుడు, అది అర్థమై కూడా అర్థం కానట్టు మీరు ఎన్నిసార్లు తల తిప్పుకున్నారు? నేను తిప్పుకున్నది ఒక్కసారే. ఆ ఒక్కసారికి ఒక ఆడపిల్ల చావు గుమ్మం దాకా వెళ్ళొచ్చింది.

ఆ సంగతి ఇన్నాళ్ళూ ఇద్దరికే తెలుసు, నాకూ మా పెద్దమ్మకీ. పోయిన మంగళవారం పొద్దున పెద్దమ్మ ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది. నేను ఎయిర్‌పోర్ట్‌లో ట్యాక్సీల వరసలో ఉండగా ఆమె కూతురు ఫోన్ చేసింది. "అంకుల్, అమ్మ వెళ్ళిపోయింది" అంది, అంతే. వరస కదిలింది. నా బండి కదల్లేదు. వెనకవాడు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు.

నాకు ఆమె చుట్టం కాదు. ఇక్కడ అమెరికాలో, షాంటిలీ ఊళ్ళో ఉన్న మా చిన్న తెలుగు సంఘంలో అందరికీ ఆమె పెద్దమ్మే. ఒక అమెరికన్ చర్చి వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు తమ బేస్‌మెంట్ హాలు మాకు ఇచ్చేవారు. వాళ్ళ కాఫీ వాసన పోకముందే మేం కుర్చీలు సర్దుకునేవాళ్ళం. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, వెనక రెండు వరసల్లో చదువుకోడానికి వచ్చిన పిల్లలు. వాక్యం చెప్పేది నేను. నాకు ఏ పట్టాలూ లేవు. పదో తరగతి తప్పాను. బైబిల్ కాలేజీ గుమ్మం తొక్కలేదు. ట్యాక్సీ వరసలో గంటలకొద్దీ కూర్చునే వేళల్లో స్టీరింగ్‌కి బైబిల్ ఆనించుకుని నాకు నేను నేర్చుకున్నదే నా చదువు. గొంతు మాత్రం ప్రభువు పెద్దదే ఇచ్చాడు.

పాట ఎత్తేది పెద్దమ్మ. తెల్ల చీర మీద బూడిదరంగు స్వెటర్, తలమీద కొంగు. నా బల్లకి ఎడంపక్కన స్టూలు వేసుకుని జనం వైపు తిరిగి కూర్చునేది. అంటే హాల్లో జనం ముఖాలు కనిపించేది ఇద్దరికే. నేను చూసేది నా మాటలు ఎక్కుతున్నాయా లేదా అని. ఆమె చూసేది ఎవరికి ఏం కావాలో అని.

ఇండియాలో ఆమె ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్ నర్సు. కనుసైగలన్నీ అక్కడ నేర్చినవే. కూతురికి ఆదివారాలు డ్యూటీ ఉండేది కాబట్టి పెద్దమ్మని నేనే నా ట్యాక్సీలో తీసుకొచ్చి దింపేవాణ్ణి. ఆ దారిలోనే అడిగాను ఒకసారి.

"పెద్దమ్మా, ప్రసంగం మధ్యలో నా వైపు చూసి రెప్పలు సగం దించి అలా ఉంచేస్తారు. ఏంటది?"

"అదా? చాలు అని."

"చాలా?"

"నలభై నిమిషాలు దాటాక చాలే కదా బ్రదర్. అక్కడ అన్నం ముద్దయిపోతోంది."

నేను నవ్వలేదు. ఆమె నవ్వింది. తర్వాత తనే చెప్పుకొచ్చింది. థియేటర్లో మూతికి గుడ్డ కట్టుకుంటారు. మాట్లాడితే డాక్టరమ్మకి చిరాకు. ఇక మిగిలేవి కళ్ళే. రెండు రెప్పలూ మెల్లగా వేసి తీస్తే 'సరే'. కనుబొమ్మ ఎత్తి చూపు పక్కకి తిప్పితే 'అక్కడ చూడండి'. రెప్పలు సగం దించితే 'చాలు, ముగించండి'.

"ఇంకోటుంది. కళ్ళు రెండూ బిగించి మూసి, ఒక్కసారిగా పెద్దవి చేసి తెరవడం. అది ఊరికే చెయ్యం. పేషెంటు చెయ్యి జారిపోతున్నాడని. అది చూస్తే డాక్టరమ్మ చేతిలో ఏమున్నా ఆపేసేది."

"మరి కన్ను కొట్టడం?" అన్నాను, వెటకారంగానే.

"ఛీ, అది వేరు. కన్ను కొట్టేవాడికి ధ్యాసంతా తన మీదే. సైగ చేసేవాడికి ఎదుటివాడి మీద. నేను అప్పుడప్పుడూ పిల్లలకి కన్ను గీటుతాను, అది తమాషాకి. మూడూ మూడు రకాలు బ్రదర్. మీరు అన్నిటినీ ఒకే గాటన కట్టకండి."

నేను అన్నిటినీ ఒకే గాటన కట్టాను.

అదెలా జరిగిందో చెబుతాను. మా సంఘం నడిచేది ఆమె కళ్ళతోనే అని ఇప్పుడు తెలుస్తోంది. ఒక పసివాడు ఏడుపు మొదలుపెట్టక ముందే వాళ్ళమ్మకి సైగ అందేది. పాట వేగం పెరిగిపోతే తబలా కుర్రాడికి కనుబొమ్మ లేచేది. కొత్తగా వచ్చిన స్టూడెంట్ ఆకలిగా ఉన్నాడనిపిస్తే వంటగదివైపు చూపు తిరిగేది, ఎవరో ఒకరు వాడి పళ్ళెంలో రెండో గరిటె వేసేవారు. ఒక ఆదివారం నేను తీర్పు దినం గురించి చెబుతున్నాను. చెమటలు కారుతున్నాయి. హాలు గడగడలాడుతోందని నా నమ్మకం. అప్పుడు ముందు వరసలో తొమ్మిదేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టినది, గట్టిగా అంది:

"అంకుల్, స్టాప్! పెద్దమ్మ ఆంటీ రెడ్ లైట్ ఇచ్చింది!"

హాలంతా నవ్వింది. మగవాళ్ళు కూడా. మా ఆవిడ కూడా.

ఆ నవ్వు నేను మింగలేకపోయాను. ఆ వారమంతా వరసలో బండి ఆపుకుని బైబిల్ వెనక ఉండే పదాల పట్టికలో కనుసైగ అన్న మాట వెతికాను. దొరికింది. కనుసైగ చేసేవాణ్ణి కొండెగాడి పక్కన, కీడు తలపెట్టేవాడి పక్కన నిలబెట్టిన చోట్లు దొరికాయి. చాలనుకుని పట్టిక మూసేశాను. తరువాతి ఆదివారం గంటా పది నిమిషాలు దంచాను. సంఘంలో కళ్ళతో మాట్లాడుకోవడం సాతాను తంతి అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, నా చెయ్యి ఎడంపక్క స్టూలు వైపే ఊగుతోంది.

అంతకు రెండేళ్ళ ముందే నేను ఇంకో పాఠం నేర్పి ఉన్నాను: కూటంలో ఆడవాళ్ళు నోరు విప్పకూడదని. పాట ఎత్తవచ్చు, ప్రశ్న అడక్కూడదు. ఒక వాక్యంతో ఆమె నోరు తీసుకున్నాను. ఇంకో వాక్యంతో కళ్ళు కూడా తీసుకున్నాను.

కూటం అయ్యాక కుర్చీలు మడుస్తుంటే దగ్గరికొచ్చింది.

"బ్రదర్, నా గురించేనా?"

"వాక్యం ఎవరికి తగిలితే వాళ్ళకే పెద్దమ్మా."

"తగిలింది లెండి" అంది. కొంగు తలమీదకి లాక్కుని నా చేతిలో కుర్చీ తీసుకుని తనే గోడకి ఆనించింది. ఆ రోజు కారులో ఇల్లు చేరేదాకా వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

మరుసటి వారం నుంచి ఆమె స్టూలు వదిలేసింది. ఆడవాళ్ళ వైపు ఆఖరి వరసలో కూర్చుని అక్కణ్ణుంచే పాట ఎత్తేది. కళ్ళు పాటల పుస్తకం మీదనుంచి లేచేవి కావు. పసిపిల్లల ఏడుపులు నా ప్రసంగంలో కలిసిపోయేవి. అన్నం ముద్దయ్యేది. నేను మాత్రం హాయిగా గంటన్నర చెప్పేవాణ్ణి.

ఇక ఆ ఆదివారం.

వరంగల్ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన అమ్మాయి ఉండేది మా సంఘంలో. మగవాళ్ళందరినీ అన్నా అని పిలిచేది. ఉద్యోగాలు ఊడిపోతున్న ఆ మాంద్యం ఏడాది, పిల్లలందరికీ వీసా భయమే. ఆ రోజు రూమ్‌మేట్ భుజం పట్టుకుని మెట్లు దిగింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైందమ్మా?"

"కడుపు నొస్తుందన్నా. శుక్రవారం నుంచి. జర వంగితే చాలు, పాణం పోతుంది."

"హాస్పిటల్‌కి వెళ్ళలేదా?"

"రేపు ఫైనల్ ప్రెజెంటేషన్ ఉంది. ఇప్పుడు అడ్మిట్ చేస్తే సెమిస్టర్ పోతది, స్టేటస్ పోతది. నువ్వు ప్రార్థన చెయ్యి అన్నా. అంతే చాలు."

అంతే చాలు అన్న ఆ మాట నాకు తేనెలా దిగింది. ఆమెని ముందుకి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను. నుదుటి మీద నూనె రాశాను. అందరినీ చేతులెత్తమన్నాను. ప్రార్థన మొదలుపెట్టాను.

ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటారు. నడిపించేవాడు మాత్రం మధ్యమధ్య తెరిచి చూస్తాడు. ఇది మాలో ఎవరూ బయటికి చెప్పరు. నేనూ తెరిచాను. హాలంతా మూసిన కళ్ళు. ఆఖరి వరసలో రెండు మాత్రం తెరిచి ఉన్నాయి. పెద్దమ్మ ఆ పిల్ల కూర్చున్న తీరు చూస్తోంది, కుడికాలు పైకి ముడుచుకుని ఒక పక్కకి ఒరిగిపోవడం చూస్తోంది. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది. కళ్ళు రెండూ బిగించి మూసింది. పెద్దవి చేసి తెరిచింది.

నాకు తెలియదని చెప్పుకునే దారి లేదు. ఆమె నాకు కారులో చెప్పింది. నేను విన్నాను. నాకు గుర్తుంది.

మళ్ళీ చేసింది. మూసి, తెరిచింది.

ఆ క్షణంలో నా మనసులో ఏముందో ఇప్పటికీ నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పిల్ల లేదు. ప్రభువు కూడా లేడు. నేను మాన్పించిన పని ఈమె మళ్ళీ చేస్తోందన్న కోపం ఉంది. ఇప్పుడు ఆపితే ఈమె మాట నెగ్గినట్టు అన్న లెక్క ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను. గొంతు పెంచాను. దాదాపు నలభై నిమిషాలు పెంచుతూనే ఉన్నాను.

అప్పుడు ఆ పిల్ల కుర్చీలో నిటారుగా కూర్చుంది. "అన్నా" అంది. "నొప్పి పోయిందన్నా. ఒక్కసారే పోయింది."

స్తోత్రం అని నేను వేసిన కేక పై అంతస్తుకి వినిపించి ఉంటుంది. చప్పట్లు, ఏడుపులు. ఆ గోలలో ఆఖరి వరసలో ఒక కుర్చీ కిందపడిన చప్పుడు. పెద్దమ్మ లేచి నిలబడింది. రెండేళ్ళ పైచిలుకులో మొదటిసారి మా కూటంలో ఒక ఆడమనిషి నాకు ఎదురుగా నోరు విప్పింది.

"ఆపండి బ్రదర్! అది తగ్గడం కాదు. ఇది అపెండిక్స్, ఇరవైనాలుగ్గంటల నొప్పి అంటారే, అదే. లోపల పగిలింది. పగిలితేనే ఇలా ఒక్కసారిగా హాయిగా ఉంటుంది. కారు తియ్యండి!"

"పెద్దమ్మా, అవిశ్వాసపు మాటలు మాట్లాడకండి. కూర్చోండి."

"నేను చూసినన్ని కడుపులు మీరు చూశారా?"

"కూర్చోండి అన్నాను!"

ఆమె కూర్చోలేదు. నన్ను దాటుకుని వచ్చి ఆ పిల్ల చంక కింద చెయ్యి వేసి లేపింది. రూమ్‌మేట్‌తో "తాళాలు తియ్యమ్మా, నడువు" అంది. ముగ్గురూ మెట్లెక్కుతుంటే ఆ పిల్ల వెనక్కి తిరిగి అయోమయంగా నవ్వుతూ "మంచిగనే ఉన్నా కదా పెద్దమ్మా" అంటోంది. నేను కృతజ్ఞతా గీతం పాడదాం అన్నాను. శ్రుతి ఇచ్చే మనిషి లేదు. ఒక్కొక్కరు ఒక్కో చోట అందుకున్నారు. అంత ఘోరమైన పాట నేను నా జన్మలో వినలేదు.

లోపల పగిలి చీము కడుపంతా పాకిందని డాక్టర్లు చెప్పారు. ఆ సాయంత్రమే ఒక ఆపరేషన్. వారం తిరక్కముందే ఇంకోటి. ఐసీయూలో అన్ని రోజులూ పక్కన ఉన్నది పెద్దమ్మ. వరంగల్‌లో తండ్రికి ఫోన్లో సంగతులు తెలుగులో చెప్పిందీ ఆమే. నేను నాలుగో రోజు వెళ్ళాను. ఆమె ముఖానికి ఆసుపత్రి వాళ్ళిచ్చిన మాస్కు ఉంది. "ఎలా ఉంది పెద్దమ్మా?" అని అడిగాను. నన్ను చూసింది, చూపు దించుకుంది. కళ్ళతో కూడా ఏమీ చెప్పలేదు. ఆ కళ్ళలో నాకు మాట లేకపోవడం అదే మొదలు.

ఆ పిల్ల బతికింది. ఇక్కడిదాకా నేను చేసింది మూర్ఖత్వం. తర్వాత చేసింది పాపం.

ఆమె ఇంకా ఆసుపత్రిలో ఉండగానే నేను సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. మన మధ్యే ప్రభువు ఆ బిడ్డ నొప్పి ఒక్క క్షణంలో తీసేశాడని చెప్పాను. తర్వాత శత్రువు దాడి చేశాడనీ, డాక్టర్ల కత్తి కాదు, మన ప్రార్థనే ఆమెని కాపాడిందనీ చెప్పాను. నలభై నిమిషాల మాట చెప్పలేదు. కూర్చోండి అని అరిచిన మాట చెప్పలేదు. అది సీడీలో రికార్డయింది. చాలా బాగా వచ్చిందన్నారు. కాపీలు తీశారు. దక్షిణాన కమ్మింగ్‌లో ఉన్న తెలుగు సంఘానికి కొన్ని, పడమటి తీరాన బాతెల్‌లో ఉన్నవాళ్ళకి కొన్ని పంపారు. శనివారం ఫోన్లో జరిగే కాన్ఫరెన్స్ ప్రార్థనలో కూడా వేశారు. ఎక్కడెక్కడినుంచో ఫోన్లు. మీ సాక్ష్యం మమ్మల్ని నిలబెట్టింది బ్రదర్ అనేవాళ్ళు.

పెద్దమ్మ వంటగదిలో పళ్ళేలు తుడుస్తూ అడిగింది.

"ఆ సీడీలో నా మాట లేదేం బ్రదర్?"

"ఏ మాట?"

"ఆపండి అన్నాను కదా. దానికి ముందు రెండుసార్లు సైగ కూడా చేశాను. మీరు చూశారు."

నేను చుట్టూ చూశాను. ఎవరూ లేరు. "దేవుడి మహిమకి అడ్డం రాకూడదని..."

"ఆయన దగ్గర మహిమకి కొరతేం లేదు, మీరూ నేనూ అబద్ధాలతో పూడ్చడానికి." తుడిచిన పళ్ళెం కింద పెట్టింది. "నేను ఎవరికీ చెప్పను. నేను చెబితే అది ఫిర్యాదు. మీరు చెబితే సాక్ష్యం. మీరే చెప్పండి."

"చెప్తాను పెద్దమ్మా."

నిజంగానే చెబుదామనుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం, ఆమెని ఇంటి ముందు దింపినప్పుడు, కారు తలుపు మీద చెయ్యి వేసి ఒక్క మాట అడిగేది. "చెప్పారా?" "లేదు పెద్దమ్మా." తలుపు మెల్లగా వేసేది. విసురుగా వెయ్యదు. ఏడాదిపాటు అడిగింది. తర్వాత అడగడం మానేసింది. మానేసిన మొదటి ఆదివారం నాకు బరువు దిగినట్టు అనిపించింది. ఎంత సిగ్గుమాలినవాణ్ణో చూడండి.

ఆ పిల్లకి సెమిస్టర్ పోయింది. వీసా స్టేటస్ నిలబెట్టుకోలేకపోయింది. ఆ ఆపరేషన్లయిన కొన్ని వారాలకే డిగ్రీ లేకుండా తిరిగి వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్ట్‌లో నేనే దింపాను. సూట్‌కేసు ఎత్తబోతే నేను ఎత్తుతానన్నాను, కుట్లు ఇంకా లాగుతున్నాయి కదా అని. గేటు దగ్గర నేను తల వంచి కళ్ళు మూసుకోబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అన్నా, ఏమనుకోకు. ఇంకోసారి నా కోసం ప్రార్థన చెయ్యకు."

కోపంగా అనలేదు. దాహమేస్తే నీళ్ళు అడిగినట్టు అంది.

ఆ తర్వాతే నేను మళ్ళీ లేఖనం తెరిచాను, ఈసారి ఒకరిని కొట్టడానికి కాదు. వల చేపలతో నిండి పిగిలిపోతుంటే పక్క పడవలో ఉన్న పొత్తుదారులకి జాలర్లు సైగ చేసిన చోటు కనబడింది. వాళ్ళు చూశారు, వచ్చారు, రెండు పడవలూ నిండాయి. నోరు పడిపోయిన యాజకుడు గుడి బయటికొచ్చి జనంతో సైగలతో మాట్లాడిన చోటు కనబడింది. అవి అప్పుడూ అక్కడే ఉన్నాయి. నాకు కావలసినవి దొరకగానే నేను పుస్తకం మూసేశాను, అంతే. ఇంకో చోటు ఉంది, అక్కడ నాకు ఇప్పటికీ చెమట పడుతుంది. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడి గాయాలకి ఆ సమరయుడు నూనె పోశాడు. నేనూ పోశాను. కానీ అతను నూనె దగ్గర ఆగలేదు, తన పశువు మీద ఎక్కించి తీసుకెళ్ళాడు. నా ట్యాక్సీ ఆ రోజు బయట పార్కింగ్‌లో, మెట్లకి పదడుగుల దూరంలో ఉంది.

కిందటి చలికాలంలో పెద్దమ్మ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ బయటపడింది. ఇక ఆసుపత్రి వద్దని తనే అంది. కూతురి ఇంట్లో కింది గదిలో మంచం, పక్కన ఆక్సిజన్ యంత్రం, నేలమీద పొడుగాటి ట్యూబు, ముఖానికి మాస్కు. పది రోజుల క్రితం మధ్యాహ్నం వెళ్ళాను. ఇక ఆలస్యం చేస్తే ఎప్పటికీ చెప్పలేనని తెలిసి వెళ్ళాను. మంచం పక్కన మోకాళ్ళ మీద పడ్డాను.

"పెద్దమ్మా, నేను ఇంకా చెప్పలేదు. మీరు పోయేలోపల చెప్పాల్సింది. నన్ను క్షమించండి."

ఆమె నన్ను చూసింది. కళ్ళు బిగించి మూసింది. పెద్దవి చేసి తెరిచింది. మళ్ళీ మూసింది, తెరిచింది. ఇన్నేళ్ళకి ఆమె నాతో కళ్ళతో మాట్లాడుతోంది! నేను వెక్కివెక్కి ఏడ్చాను. క్షమించేసిందనుకున్నాను. ప్రభువుకి స్తోత్రం చెప్పడం కూడా మొదలుపెట్టాను.

కూతురు గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది. "అంకుల్! లేవండి, లేవండి! మీ మోకాలు ట్యూబ్ మీద ఉంది!"

లేచాను. మాస్కులో గాలి మళ్ళీ బుస్సుమంది. పెద్దమ్మ గుండె ఎగిరెగిరి పడుతోంది. కూతురు వీపు నిమురుతూ ఉంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. కాస్త సర్దుకున్నాక పెద్దమ్మ నా వైపు తల తిప్పింది. కుడికన్ను ఒక్కటి గీటింది.

తమాషాకి అని ఒకప్పుడు కారులో చెప్పింది. అది తమాషానో, క్షమించడమో, ఈ మనిషి ఇక మారడనో నేను చెప్పను. ఆమె కళ్ళకి అర్థం చెప్పే హక్కు నేను ఎప్పుడో పోగొట్టుకున్నాను.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. అందుకే ఈ రాత.

శుక్రవారం సమాధి కార్యక్రమం అయ్యాక పార్కింగ్‌లో ఒకాయన నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. కమ్మింగ్ నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చాడట, పెద్దమ్మకి దూరపు బంధువు. కుంటుతున్నాడు. ఎడమకాలికి చెప్పులోంచి కట్టు కనిపిస్తోంది.

"ఏమైంది బ్రదర్ కాలికి?"

"చిన్న పుండు లెండి. షుగర్ కదా. ఇప్పుడు మందుల్లేవు, ఇన్సులిన్ లేదు. మీ సీడీ విన్నాక అన్నీ ఆపేశాను. ఆ వరంగల్ అమ్మాయి సాక్ష్యం! నెలన్నర అయింది. రోజూ వింటాను."

అక్కడే, ఆ ఎండలో, మొత్తం చెప్పాను. కనుసైగ చెప్పాను. నలభై నిమిషాలు చెప్పాను. నొప్పి పోయింది పగిలినందుకే అని చెప్పాను. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. నా భుజం తట్టాడు.

"ఎంత తగ్గింపు బ్రదర్ మీది! ఘనత అంతా ఆ పెద్దావిడకి ఇచ్చేస్తున్నారు."

"తగ్గింపు కాదయ్యా, నిజం! నేను అబద్ధం చెప్పాను!"

"చూశారా, ఇదే, ఇదే" అంటూ కారెక్కి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నాను. ఆయన ఎత్తడు. నిన్న భార్య ఎత్తింది. వేలు నల్లబడుతోంది బ్రదర్, వాసన వస్తోంది, ఆసుపత్రి మాటెత్తితే మండిపడుతున్నారు అంది. వెనక ఎవరో అరుస్తున్నారు. ఎవరమ్మా అది అని అడిగాను. మీరే బ్రదర్, సీడీ అంది.

సహోదరులారా, సహోదరీలారా, నేను ఇది రాయడం ముగించగానే బండి దక్షిణానికి తిప్పుతున్నాను. నేను చేరేసరికి సాయంత్రం దాటుతుంది. మీలో కమ్మింగ్‌లో ఉన్నవాళ్ళు పది నిమిషాల దూరంలో ఉన్నారు. ఆయన ఎవరో మీకు తెలుసు, మీ కూటానికే వస్తాడు, కుంటుతాడు. ఇంకెక్కడైనా సరే, ఆ సీడీ విని మాత్ర మానేసినవాళ్ళు మీ ఇంట్లో ఉంటే వాళ్ళని ఇప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆదివారం దాకా ఆగకండి. నూనె తర్వాత రాయవచ్చు. ముందు కారు తియ్యండి. ఆయన ఇంటికి వెళ్ళి తలుపు కొట్టండి. లోపల్నుంచి ఒక గొంతు స్తోత్రం స్తోత్రం అని కేకలేస్తూ వినిపిస్తుంది. అది నా గొంతే. దాన్ని నమ్మకండి. తలుపు తెరిచేదాకా ఇంకా గట్టిగా కొట్టండి. ఇవాళే వెళ్ళండి.